గొంతు చాలన్న మనిషి

వీధిలో ఆయన్ని చెవులాయన అనేవారు. ఎగతాళిగా పుట్టిన పేరే గాని, కాలక్రమాన ఎగతాళి అరిగిపోయి పేరు మాత్రం మిగిలింది. తిరుగుతున్న ఫ్యాను చప్పుడు విని అందులో బేరింగు ఎండిపోయిందని చెప్పేవాడు. మెట్ల మీద అడుగుల మోతను బట్టి వస్తున్నదెవరో, వాళ్ల ఏ చేతిలో బరువుందో కూడా చెప్పేవాడు. చూపు లేనివాళ్లకు చెవులు పదునెక్కుతాయని లోకం నమ్ముతుంది. చెవులు అందరికీ ఉన్నవే. వాటి మాట ఆలకించక తప్పని స్థితి కొందరికే వస్తుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా ఆ పేరంటే లోలోపల ఇష్టం. పోయినదాన్నే తలుచుకుంటూ బతకలేక మనిషి మిగిలినదాని మీద గర్వం పెంచుకుంటాడు. ఆ గర్వాన్ని తప్పు పట్టలేం. అది మనల్ని ఎటువైపు తిరగనివ్వదో గమనించుకోవడమే కష్టం.

ఆయన కంటే ముందు ఆయన అక్క చూపు పోగొట్టుకుంది. ఇద్దరిదీ ఒకటే జబ్బు. కంటి వెనక పొర అంచుల నుంచి మెల్లగా ఎండుకుంటూ వస్తుంది. లోకం గొట్టంలోంచి చూసినంత ఇరుకై, చివరికి ఆ గొట్టం కూడా మూసుకుపోతుంది. తమ్ముడికి చీకటి మొదలయ్యేసరికి అక్క ఆ దారంతా నడిచి అవతల నిలబడి ఉంది. గ్లాసులో నీళ్లు పోసేటప్పుడు అంచు మీద వేలు ఎక్కడ ఆనించాలో, నల్ల చొక్కాకీ తెల్ల చొక్కాకీ తేడా తెలియడానికి కాలరు లోపల దారపు ముడి ఎలా వేసుకోవాలో ఆవిడే నేర్పింది. నేర్పే పద్ధతి మాత్రం మెత్తనిది కాదు.

"సూదిలో దారం ఎక్కించిపెట్టక్కా."

"నేను చేసిపెట్టను. ఇదిగో సూది, ఇదిగో దారం. నీకు నాలిక ఉంది కదా, తడి చేసి ఎక్కించుకో."

"గుచ్చుకుంటుందే!"

"గుచ్చుకుంటే మొన ఎక్కడుందో తెలుస్తుంది. ఇంకా మంచిదే."

'నేను చేసిపెట్టను' అన్నది ఆ ఇంట్లో రోజూ వినిపించే మాట. తల్లి నొచ్చుకునేది. "రాకాసి పిల్ల, తమ్ముడి మీద జాలి లేదు" అనేది. ఇంట్లో తమ్ముడి మీద జాలి పడనిది అక్క ఒక్కతే. ఎంతో కాలం తర్వాత ఆయనకి అర్థమైందేమిటంటే, తనను మనిషిగా నిలబెట్టింది ఆ ఒక్కతే అని.

చుక్కల లిపి కూడా ఆవిడే నేర్పింది. చూపు లేనివాళ్లు వేళ్లతో తడిమి చదువుకునే బ్రెయిలీలో ప్రతి అక్షరం ఆరు చుక్కల నుంచే పుడుతుంది. తమ్ముడి రెండు చేతులూ బల్ల మీద పరిచి, ఒక్కో చేతిలో మూడేసి వేళ్లను ఆరు చుక్కలుగా ఎంచి, వాటి మీద తన వేళ్లతో తట్టి అక్షరాలు చెప్పేది. ఆ తట్టుడు వాళ్లిద్దరికీ రహస్య భాష అయింది. పెద్దవాళ్లు కూర్చున్న చోట బల్ల కింద చేతులు కలుపుకుని మాట్లాడుకునేవారు. మేనమామ తన రైల్వే ఉద్యోగ విశేషాలు మొదలుపెట్టగానే అక్క వేళ్లు తమ్ముడి వేళ్ల మీద "వచ్చింది రైలు" అని తట్టేవి. ఎందుకు నవ్వుతున్నారో తెలియక మేనమామ, తన హాస్యం పండిందనుకుని, కథ ఇంకాస్త సాగదీసేవాడు.

పెద్దయ్యాక అక్క చుక్కల పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు చదివే ఉద్యోగంలో చేరింది. పెళ్లి చేసుకోలేదు. ఒక దర్జీ దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకుని, తన తాళంచెవి తనే మెళ్లో వేసుకుని ఉండేది. ప్రెస్సు కంప్యూటర్లలోకి మారాక ఇంటి దగ్గరే పని. ఆవిడ కీబోర్డుకి ముందు ఒక సన్నని పరికరం ఉండేది. తెర మీద ఏ వాక్యం ఉంటే ఆ వాక్యం తాలూకు చుక్కలు దాని మీద సన్నని మేకుల్లా లేచేవి. చదివి ముందుకు జరిగితే పాతవి పడిపోయి కొత్తవి లేచేవి. అక్కాతమ్ముళ్లు దాన్ని చుక్కల పట్టీ అనేవారు. దాని మీద వేళ్లు పరిచి ఆవిడ పుస్తకాలకు పుస్తకాలు చదివి, ఒత్తు జారిన చోటల్లా పట్టుకునేది. 

తమ్ముడు ఒక చిన్న కంపెనీలో చేరాడు. కంప్యూటరు నడవడానికి ఆధారమైన ఆపరేటింగ్ సిస్టమ్‌ని తయారుచేసి బడులకీ ఆఫీసులకీ అందించే కంపెనీ అది. దాన్ని చూపు లేనివాళ్లు వాడుకోగలరా లేదా అని పరీక్షించడం ఆయన ఉద్యోగం. అక్కడ ఆయన తలకెత్తుకున్న సమస్య చెప్పడానికి చిన్నది. కంప్యూటరులో తెరను చదివి వినిపించే గొంతు ఒకటి ఉంటుంది. చుక్కల పట్టీని ఆడించే ఏర్పాటు ఒకటి ఉంటుంది. అయితే అవి సిస్టమ్ ఎక్కించిన తర్వాతే మేల్కొంటాయి. ఖాళీ కంప్యూటరులో సిస్టమ్ ఎక్కించేటప్పుడు, ఇన్‌స్టాలర్ అనే ఆ మొదటి కార్యక్రమం ఒకదాని తర్వాత ఒకటిగా ప్రశ్నలు అడిగేటప్పుడు, చదివి పెట్టే నాథుడుండడు. ఇల్లు కట్టాక వచ్చే దీపం ఇల్లు కట్టేటప్పుడు పనికిరాదు. అందుచేత ఎంత నేర్పరి అయినా చూపు లేనివాడు ఆ ఒక్క పనికి కళ్లున్నవాణ్ణి పిలవాలి.

పిలిస్తే ఏం పోయిందని కళ్లున్నవాళ్లు అంటారు. అక్కకి ఏం పోయిందో తమ్ముడికి తెలుసు. ఒకసారి ఆవిడ కంప్యూటరుకి సిస్టమ్ ఎక్కించడానికి వచ్చిన మెకానిక్కు, అడక్కుండానే ఆవిడ పాత ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి చదివి, "ఈ కవితలేంటండీ, మీరే రాశారా?" అని నవ్వాడు. పాస్‌వర్డు కూడా తనే పెట్టేశాడు. "మీకు ఈజీగా ఉంటుందని మీ పేరే పెట్టానండీ" అన్నాడు. అతను దుర్మార్గుడేమీ కాదు. కాని తన ఇంటికి తాళం ఏదో పరాయివాడు నిర్ణయించి వెళ్లాక, ఆవిడ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం తమ్ముడితో ఒకే ఒక మాట అంది.

"ఒరే, నీ ఆఫీసులో ఆ ఇన్‌స్టాలర్‌కి నోరు పుట్టించు. అది పలికిన రోజున గదిలో ఎవ్వరూ లేకుండా నేను ఒక్కదాన్నే కూర్చుని ఎక్కించుకుంటా. నువ్వు కూడా ఉండకూడదు."

"నేనుంటే ఏంటి నష్టం?"

"నువ్వుంటే నీకు సలహా చెప్పాలనిపిస్తుంది."

ఆ తర్వాత కొన్నేళ్లు ఆయనకు అదే ధ్యాస. ఇన్‌స్టాలర్ పని చూసే బృందానికి పెద్ద అయిన ఇంజినీరుని ఆఫీసులో అందరూ మేస్త్రీ అనేవారు. ఎప్పుడూ "గోడ లేచింది, కప్పు వేయాలి" అన్న ధోరణిలో మాట్లాడేవాడు కాబట్టి. మేస్త్రీ చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. చెవులాయన రోజూ అతని కుర్చీ పక్కన కర్ర ఆనించి నిలబడేవాడు.

"మాస్టారూ, మీరు వచ్చారంటే నాకు అప్పులవాడు వచ్చినట్టుంటుందండీ."

"అప్పు తీర్చేస్తే రాను కదా."

అలా నిలబడి నిలబడి సాధించాడు. కంప్యూటరు వెలిగిన మరుక్షణం ఒక చిన్న గంట మోగి, ఇన్‌స్టాలర్ ప్రతి ప్రశ్ననూ పైకి చదవడం మొదలుపెట్టింది. చుక్కల పట్టీ కోసం ఇంకో ఇంజినీరు వేరే ముక్క రాసి జోడించాడు. ఆ రెండూ కలిసి పనిచేసిన రోజున చెవులాయన క్యాంటీనులో అందరికీ టీ ఇప్పించాడు.

కొత్త సిస్టమ్ విడుదలకి ముందు మేస్త్రీ ఆయన్ని గదిలోకి పిలిచాడు.

"మాస్టారూ, ఒక చిక్కొచ్చింది. ఆ చుక్కల ముక్క ఉంది చూశారూ, అది పట్టీ ఎక్కడుందా అని మిషనులో తీగలు పెట్టే ప్రతి రంధ్రమూ వెతుకుతోంది. పట్టీ లేని మిషను మీద ఏ ప్రింటరో తగిలించి ఉంటే, ఇదే పట్టీ అనుకుని దాన్ని పట్టుకుని వేలాడుతోంది. మిషను మొత్తం బిగుసుకుపోతోంది."

"బాగుచెయ్యండి మరి."

"చేస్తాం. ఈ విడుదలకి మాత్రం అందదు. రెండూ కావాలంటే గొంతు కూడా ఆగాల్సిందే. పట్టీ తీసేస్తే గొంతు ఇప్పుడే బయటికెళ్లిపోతుంది. అసలు ఆ పట్టీలు వాడేవాళ్లు ఎంతమంది ఉంటారు?"

"ఖరీదైన వస్తువు. బాగా తక్కువమంది. మా అక్కకి ఉంది."

"అయితే ఆవిణ్ణి ఒక మాట అడిగి చెప్పండి."

చెవులాయన నవ్వాడు. ఎన్నేళ్ల పనో ఇంకో ఏడాది వెనక్కి పోతుందన్న భయం ఆ నవ్వులో ఉంది. "అడగక్కర్లేదు. పట్టీ ఉన్నవాళ్లకీ చెవులుంటాయి కదా. గొంతు చాలు."

"ఆహా, తీర్పు అయిపోయింది" అన్నాడు మేస్త్రీ. చుక్కల ముక్కను ఆ వారమే తీసేశారు.

అందరికీ కళ్లుంటాయి కదా అని ఇన్‌స్టాలర్ కట్టినవాళ్లతో ఆయన తన జీవితంలో మంచి భాగమంతా తగవు పడ్డాడు. తగవు గెలిచే వేళకి వాళ్ల వాక్యమే, ఒక్క మాట మాత్రం మారి, ఆయన నోట్లోంచి వచ్చింది. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. ఒక లేమిని లోపలి నుంచి ఎరిగినవాడు అన్ని లేములనూ ఎరిగినట్టు భావించుకోవడం మనుషుల్లో సామాన్యం. బాధ అనుభవం కలిగిస్తుంది గాని దానంతట అది ఊహను కలిగించదు.

విడుదలైన రోజునే కొత్త సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. అప్పటికి ఆవిడ పాత కంప్యూటరు పాడైపోయింది. ప్రెస్సువాళ్లు కొత్తది, ఖాళీది, పంపించి, త్వరగా పని మొదలుపెట్టమన్నారు. అన్నీ కలిసివచ్చాయనుకున్నాడు.

"ఇదిగో అక్కా, దీనికి నోరొచ్చింది" అని పెన్‌డ్రైవ్ ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ దాన్ని కాసేపు వేళ్ల మధ్య తిప్పింది. "మొదట ఏమడుగుతుంది, తర్వాత ఏమడుగుతుంది, వరసగా చెప్పు" అంది.

"అదే చెబుతుంది కదే, నేనెందుకు?"

"నువ్వు చెప్పరా. నా చెవి దగ్గర కూర్చుని చెప్పు."

చెప్పాడు. ఆవిడ మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. ముసలితనపు చాదస్తం అనుకున్నాడు. తర్వాత రోజూ ఫోను చేశాడు. "ఎక్కించావా?" అంటే, "బట్టలు ఉతుక్కోవాలి," "తల నొప్పి," "రేపు" అని వచ్చేవి జవాబులు. మరోలా అడిగితే అడిగినదానికి కాకుండా వేరేదానికి జవాబు వచ్చేది. ఆయన భార్య ఒకరోజు విసుక్కుంది.

"మీ అక్క ఫోనులో నన్ను నోరెత్తనివ్వడం లేదు. 'బాగున్నావా, పిల్ల బాగుందా, సరే ఉంటా' అని ఒక్క ఊపిరిలో చెప్పేసి పెట్టేస్తోంది. వదినకి నామీద ఏదో కోపం."

"దానికి కోపం వస్తే దాచుకోదు. నామీదే అసూయ పట్టుకున్నట్టుంది."

ఆ మాట నోరు జారి వచ్చింది గాని మనసులో దిగబడింది. తన జీవితానికంతా కలిపి ఉన్న ఒక్క విజయాన్ని అక్క ముట్టుకోవడం లేదు. ఒకరోజు ఫోనులో గట్టిగానే అన్నాడు. "నేను చేసిందాన్ని వాడటానికి నీకు నామోషీ అయితే చెప్పు. ఆ మెకానిక్కునే పిలిపిస్తా." అవతల కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత ఆవిడ, "సరే నాన్నా, ఆదివారం రా, అందరూ రండి" అంది. వెటకారం అనుకుని ఆయన ఫోను పెట్టేశాడు.

చివరికి కబురు తెచ్చింది కింద వాటా దర్జీ. ఆఫీసు గుమ్మం దాకా వచ్చి, మెళ్లో టేపుతోనే నిలబడ్డాడు.

"చెవులాయనగారూ, మీతో ఒక మాట. మీ అక్కగారి కొత్త మిషను వారంరోజులుగా ఒకటే ప్రశ్న అడుగుతోందండీ. మీ భాష ఏదో ఎంచుకోండి, ఎంచుకోండి అని. వీధి చివరిదాకా వినిపిస్తోంది. మా ఆవిడైతే, ఆవిడ ఎంచుకోకపోతే నేనే పైకెళ్లి ఎంచుకొస్తానంటోంది. కాస్త తగ్గించుకోమని చెప్పండి. నేను తలుపు కొట్టి కొట్టి వచ్చాను, తీయలేదు."

మెట్లు ఎక్కుతుండగానే ఆ గొంతు వినిపించింది. తను ఎంపిక చేసిన గొంతే. ఎక్కువ తక్కువలు లేకుండా, స్పష్టంగా, స్పీకరు పగిలేంత పెద్దగా. "మీ భాషను ఎంచుకోండి." కాసేపు ఆగి, జవాబు రాకపోతే మళ్లీ అడిగేలా పెట్టించింది కూడా తనే. అవసరానికని అక్క ఇచ్చి ఉంచిన రెండో తాళంచెవితో తలుపు తీశాడు.

"అక్కా."

జవాబు లేదు. కుర్చీ కిర్రుమనలేదు. ఆయన అలాగే గుమ్మంలో నిలబడి విన్నాడు. గొంతు హోరు కింద ఇంకో సన్నని చప్పుడు ఉంది: వేలి కొనలు చుక్కల పట్టీ మీద అటూ ఇటూ రాపిడి పడుతున్న చప్పుడు. చుక్కలు లేచి ఉన్న పట్టీ మీద వేలు నడిస్తే ఇసుక మీద నడిచినట్టు వినిపిస్తుంది. ఇది నున్నటి గచ్చు మీద పాకినట్టుంది. పట్టీ ఖాళీ. ఆవిడ ఎంటర్ నొక్కింది. గొంతు రెండో ప్రశ్న అడిగింది. ఆవిడ బాణం మీట నొక్కింది, కాని తప్పు మీట. గొంతు "వెనక్కి వెళ్తున్నాం" అని ప్రకటించి మొదటి ప్రశ్నకు వచ్చింది. ఆవిడకి ఆ సంగతి తెలియలేదు. కంఠతా పట్టిన వరస ప్రకారం మూడో ప్రశ్నకు ఇవ్వాల్సిన జవాబు టైపు చేయడం మొదలుపెట్టింది.

"ఏదో ఒకటి చెప్పవే తల్లీ," అంది అక్క పైకి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు. "వాడు ఇంత కష్టపడ్డాడు."

చెవులాయన దగ్గరకు వెళ్లి, తడుముకుని, ఆవిడ ఎడమ చేతిని అందుకున్నాడు. ఆ చెయ్యి స్పీకరు మీద అరచేయి ఆనించి ఉంది. ఆవిడ ఉలిక్కిపడింది. తర్వాత ఆ వేళ్లెవరివో గుర్తుపట్టి, పట్టుబడిన పిల్లలా ఊరుకుంది. ఆయన స్పీకరు తీగ పీకేశాడు. గదిలో నిశ్శబ్దం వచ్చింది. ఆయన ఒక్కడికే వచ్చింది.

ఆవిడ రెండు చేతులూ బల్ల మీద పరిచి, చిన్నప్పటిలా వేళ్ల మీద తట్టాడు. ఎప్పటినుంచి?

"చాలా రోజులైంది. మొదట పిచ్చుకలు పోయాయి, తర్వాత ఆడవాళ్ల గొంతులు. నీ గొంతు బొంగురు కాబట్టి నిలిచింది. చెవి దగ్గర కూర్చుంటే ఇప్పటికీ కొంచెం వినిపిస్తావు. ఫోనులో మాత్రం ఊహించుకుని మాట్లాడుతున్నా." కాస్త ఆగి, "ఒకసారి అరిచినట్టున్నావు. ఎందుకు?" అంది.

ఆ ప్రశ్న దాటేసి, ఎందుకు చెప్పలేదు, అని తట్టాడు.

"ఒత్తు మర్చిపోయావు" అంది ప్రూఫురీడరు, అలవాటు కొద్దీ. తర్వాత అసలు మాట చెప్పింది. "డాక్టరు ఇది వేరే జబ్బు కాదన్నాడు. ఆ కళ్ల జబ్బే. కొందరిలో చెవుల దాకా వస్తుందిట. తమ్ముడు ఉన్నాడు, వాడికీ వస్తుందా అని అడిగా. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఎప్పుడూ నేనే ముందు నడుస్తాను కదరా, వెనకాల నువ్వొస్తావు. ఈ దారిలో నేనున్నట్టు తెలిస్తే నీకు నిద్ర పట్టదు. నీకున్నవి ఆ చెవులే."

ఊళ్లో ప్రతి ఫ్యానులోని లోపమూ విన్న మనిషి, తన అక్క మాటల మధ్య పెరుగుతున్న ఖాళీని వినలేదు.

"పట్టీ మీద చుక్కలు ఎందుకు రావడం లేదు?" అని అడిగింది ఆవిడ. "పోయినేడు నువ్వు చెప్పావుగా, రెండూ పెట్టారని. నేనే ఏదో తప్పు చేస్తున్నా. తీగ సరిగ్గానే పెట్టాను."

అబద్ధం తట్టడానికి ఆయన వేళ్లు రాలేదు. ఒక్కొక్క అక్షరమే తట్టాడు. నేనే తీయించాను. గొంతు చాలన్నాను.

ఆవిడ చేతులు బల్ల మీద నుంచి కదల్లేదు. తిడుతుందేమోనని ఆయన ఎదురుచూశాడు, తిడితే బాగుండుననుకున్నాడు.

"నన్నడగాల్సింది" అంది.

అడిగి ఉంటే చెప్పేదానివా?

"చెప్పేదాన్ని కాదేమో" అంది. ఆ నిజాయితీ ఆయనకి ఏ ఊరటా ఇవ్వలేదు.

ఈ రోజుకి నేను ఎక్కించేస్తాను, వేళ్ల మీద ఒక్కో ప్రశ్నా చెబుతాను, నువ్వే జవాబివ్వు అని బతిమాలాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "చుక్కలు తిరిగి పెట్టించు. అప్పుడు నేనే కూర్చుని ఎక్కించుకుంటా. అంతవరకూ ఆ మిషను అలాగే ఉంటుంది. నాకేం తొందర లేదు." తొందర ప్రెస్సువాళ్లకుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మర్నాడు మేస్త్రీ కుర్చీ పక్కన మళ్లీ కర్ర ఆనింది.

"చుక్కల ముక్క తిరిగి పెట్టాలి."

"మీరే కదండీ వద్దన్నారు?"

"నేనే. తప్పు చెప్పాను."

మేస్త్రీ ఊపిరి వదిలాడు. ఆ ముక్క రాసిన ఇంజినీరు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఇన్‌స్టాలర్ పునాదుల నుంచి మారిపోయింది. పాత ముక్క కొత్త గోడలో అతకదు. "గొంతుకి చాలా పేరొచ్చింది మాస్టారూ. అందరూ మెచ్చుకుంటున్నారు. ఈ స్థితిలో దీన్ని కదిలించమంటే పైవాళ్లు ఒప్పుకోరు. వచ్చే విడుదలకి చూద్దాం." అతని మాటల్లో అబద్ధం లేదు. ఎవరి మాటల్లోనూ అబద్ధం లేకుండానే ఒక మనిషి బయట ఉండిపోవడం సాధ్యమే. సంస్థలు సాధారణంగా అలాగే నడుస్తాయి.

వచ్చే విడుదలకి కాలేదు. ఆ తర్వాతిదానికీ కాలేదు. చెవులాయన పైవాళ్ల గదుల్లోనూ కర్ర ఆనించాడు. ఒక కొత్త ఇంజినీరు అమ్మాయికి చుక్కల లిపి నేర్పి, తన చేతి వేళ్ల మీదే పాఠం చెప్పి, పని మొదటినుంచీ చేయించాడు. రోజూ పొద్దున్నే మెలకువ రాగానే, లేవకుండా పడుకుని, ముందు ఫ్యాను చప్పుడు వినేవాడు. బేరింగు సంగతి కోసం కాదు.

ఈలోగా ప్రెస్సువాళ్లు అక్క పనిని ఇంకొకరికి అప్పగించారు. మర్యాదగానే, ఎప్పుడైనా తిరిగి రావచ్చని చెప్పి. ఆవిడ "మంచిది" అంది. ఆయన మరోసారి బతిమాలాడు, భార్య వెళ్లి బతిమాలింది. "వాడు చుక్కలు తెస్తానన్నాడమ్మా, తేనీ" అని చెప్పి ఆవిడ పట్టీ మీద గుడ్డ కప్పింది. తమ్ముడి బొంగురు గొంతు కూడా ఆవిడకి అందకుండా పోయింది. మొదట్లో వెళ్లినప్పుడల్లా ఆయన వేళ్ల మీద తట్టినదానికి గబగబా జవాబులిచ్చేది, తప్పులు దిద్దేది. రానురాను దిద్దడం మానేసింది. ఆయన ఒకటి రెండుసార్లు కావాలనే ఒత్తు వదిలేసి చూశాడు. ఆవిడ ఊరుకుంది.

చుక్కలు తిరిగి వచ్చాయి. కొత్త ఇన్‌స్టాలర్‌ని చెవులాయన రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని, ఇంట్లో ఒక్కడే కూర్చుని పరీక్షించాడు. మొదటి ప్రశ్న వేళ్ల కింద లేచినప్పుడు కళ్లనీళ్లు వచ్చాయని తర్వాత భార్యకి చెప్పాడు. అది సంతోషమని ఆమె అనుకుంది.

పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని అక్క దగ్గరికి వెళ్లాడు. కింద దర్జీ కుట్టు మిషను ఆపి, "ఈ మధ్య పైన చప్పుడే లేదండీ. ఆ ప్రశ్నే నయమనిపిస్తోంది" అన్నాడు.

ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో ఉంది. ఆయన చేతులు పట్టుకుని, చుక్కలు వచ్చాయక్కా, అని తట్టాడు. ఆవిడ తల ఊపింది. ఆయన కంప్యూటరు మీద దుమ్ము తుడిచి, పట్టీ మీద గుడ్డ తీసి, తీగలు పెట్టి, కుర్చీ వెనక్కి లాగాడు. నేను బయట మెట్ల మీద కూర్చుంటాను, నువ్వు ఎక్కించుకో, అని తట్టాడు. ఆ మాటను ఇన్నేళ్లుగా దాచుకుని తెచ్చాడు.

ఆవిడ లేవలేదు. వేళ్లతో ఆయన చెంప తడిమి, చెవి తడిమింది. చెవిలో దూది పోగు ఒకటి అంటుకుని ఉంటే తీసేసింది.

"నువ్వే చేసిపెట్టరా" అంది.

ఆయన ఆ చేతిని అలాగే పట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆవిడ తనకు చెప్పిన జవాబు వేళ్ల కొనల దాకా వచ్చింది. నేను చేసిపెట్టను. ఆరు వేళ్ల మీద తట్టడానికి ఎంతసేపూ పట్టదు. తన మీద జాలి పడని మనిషి మీద జాలి పడే హక్కు తనకు లేదని తెలుసు. జాలి పడకుండా ఉండే బలమూ తనకు లేదని అప్పుడే తెలిసింది. ఆవిడ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

చెవులాయన కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కాడు. చిన్న గంట మోగింది. స్పీకరు ఆపేశాడు. పట్టీ మీద చుక్కలు లేచి, భాష ఏదని అడిగాయి. చెప్పాడు. తర్వాతి ప్రశ్న లేచింది, దానికీ చెప్పాడు. ఎక్కడా తడబడకుండా, ఒక్క చుక్క తప్పకుండా, పట్టీ మీది చుక్కలు అడగవలసినవన్నీ అడిగాయి. పాస్‌వర్డు దగ్గరకు వచ్చేసరికి ఆగి, వెనక్కి తిరిగి అక్క వేళ్లందుకుని, ఏం పెట్టమంటావు, అని తట్టాడు.

"నీకేది తోస్తే అది పెట్టు" అంది ఆవిడ.